సింగ్లెట్, ట్రిప్లెట్ కలిసిన జంటలు: జంక్షన్ దగ్గరే బయటపడే సంగతి

మీరు అడిగినవి మూడు. ఇన్వర్షన్ సౌష్ఠవం (దాని సంగతి కింద చెబుతాను) లేని సూపర్‌కండక్టర్లలో, అంటే చల్లార్చితే ఎలక్ట్రాన్లు జంటలు కట్టి నిరోధం లేకుండా కరెంటు పారించే పదార్థాల్లో, ఎలక్ట్రాన్ జంట కొంత సింగ్లెట్‌గా (స్పిన్‌లు రద్దయ్యేలా), కొంత ట్రిప్లెట్‌గా (స్పిన్‌లు కూడుకునేలా) ఉంటుందంటే పౌలీ నియమాన్ని కాదన్నట్టు అవదా? అలా కలిసిందని ఏ కొలతతో తేలుతుంది? అమలాపురంలో ఎమ్మెస్సీ చదువుతూ, చల్లార్చడానికి ద్రవ హీలియం ముఖం చూడని కాలేజీలో దీని మీద ప్రాజెక్టు చేయొచ్చా? మొదటిది తొందరగా తేలిపోతుందండి. అసలు సరుకంతా రెండోదాంట్లో ఉంది కాబట్టి దాని మీదే ఎక్కువ రాస్తాను. మూడోది చివర్లో.

రెండు ఎలక్ట్రాన్లను ఒకదాని చోట ఇంకోదాన్ని పెడితే తరంగ ప్రమేయం గుర్తు మారాలి. పౌలీ అడిగేది ఇంతే. ఆ ప్రమేయంలో స్పిన్ భాగం ఒకటి, కక్ష్య భాగం ఒకటి ఉంటాయి. సింగ్లెట్‌లో స్పిన్ భాగమే గుర్తు మార్చేస్తుంది, అందుకని కక్ష్య భాగం సరి ప్రమేయంగా ఉండాలి. ట్రిప్లెట్‌లో స్పిన్ భాగం గుర్తు మార్చదు, అందుకని కక్ష్య భాగం బేసి కావాలి. రెండూ విడివిడిగా పౌలీ మాట విన్నవే. విన్నవాటిని రెంటినీ కూడితే వచ్చేది కూడా వింటుంది. కాబట్టి కలవడానికి పౌలీ ఏనాడూ అడ్డు కాదు. అడ్డుపడేది స్ఫటికం. స్ఫటికానికి ఇన్వర్షన్ కేంద్రం ఉంటే, అందులోని ప్రతి జంట స్థితీ సరో బేసో తేల్చుకుని తీరాలి. ఒకే సంధి ఉష్ణోగ్రత (సూపర్‌కండక్టివిటీ మొదలయ్యే ఉష్ణోగ్రత) దగ్గర రెండూ కలిసి పుట్టడానికి వీల్లేదు. ఆ కేంద్రం లేకపోతే సరి, బేసి అనే విభజనకే అర్థం ఉండదు. కలవడానికి అనుమతి దొరుకుతుంది. అనుమతి అన్నాను, తప్పనిసరిగా పెద్ద మోతాదులో కలుస్తాయని అనలేదు. ఈ తేడాని పట్టుకుని చదివితే ఈ రంగంలో వచ్చిన సగం గందరగోళం మీకు అంటదు.

ఇన్వర్షన్ అంటే ఒక బిందువు చుట్టూ ప్రతి అణువునీ ఎదురు వైపుకి, అంతే దూరానికి పంపడం. అంబాజీపేట వైపు పేనే కొబ్బరి పీచు తాడు తీసుకోండి. కుడి మెలిక తాడుని ఇన్వర్షన్ చేస్తే ఎడమ మెలిక తాడు వస్తుంది. తాడుని ఎటు తిప్పి పట్టుకున్నా మళ్ళీ కుడి మెలిక రాదు. లిథియం–పలేడియం–బోరాన్, లిథియం–ప్లాటినం–బోరాన్ స్ఫటికాలు ఈ జాతివి, వాటికి చేతివాటం ఉంది. ఇంకో జాతి, సీరియం–ప్లాటినం–సిలికాన్ లాంటివి. అందులో మెలిక లేదు, కానీ నిలువు అక్షం మీద పైకి వెళ్ళడం, కిందికి వెళ్ళడం ఒకటి కాదు.

ఇలాంటి స్ఫటికంలో ఎలక్ట్రాన్ కదిలితే, అణువుల విద్యుత్ క్షేత్రం దానికి కొంత అయస్కాంత క్షేత్రంగా కనిపిస్తుంది. ఆ క్షేత్రం దిశ ఎలక్ట్రాన్ వెళ్ళే దిశని బట్టి ఉంటుంది. ఎలక్ట్రాన్ వెనక్కి తిరిగితే క్షేత్రమూ తిరగబడుతుంది. దీన్నే అసౌష్ఠవ స్పిన్–ఆర్బిట్ బంధం అంటారు. ఉపరితలాల్లో, పైకీ కిందికీ తేడా ఉన్న స్ఫటికాల్లో దీని రూపం రాష్బా బంధం. దీని వల్ల ఒక్క బ్యాండ్ (ఎలక్ట్రాన్లకి అనుమతి ఉన్న శక్తుల పట్టీ) రెండుగా చీలుతుంది. ఒకదాంట్లో స్పిన్ ఆ క్షేత్రం వెంట, రెండోదాంట్లో క్షేత్రానికి ఎదురుగా ఉంటుంది. కాలం వెనక్కి నడిపితే మారని సౌష్ఠవం ఇంకా ఉంది కాబట్టి, ముందుకెళ్ళే ఎలక్ట్రాన్‌కి వెనక్కెళ్ళే, తిరగబడ్డ స్పిన్ ఉన్న జోడీ అదే బ్యాండ్‌లో, అదే శక్తి దగ్గర దొరుకుతుంది. జంటలు ఏ బ్యాండ్‌కి ఆ బ్యాండ్‌లోనే కట్టుకుంటాయి.

ఇక్కడ కాగితం, పెన్ను తీసుకోండి. జంట బలంలో సింగ్లెట్ భాగం ఒకటి, ట్రిప్లెట్ భాగం ఒకటి. ఒక బ్యాండ్‌లో గ్యాప్, అంటే జంటని విడగొట్టడానికి కావాల్సిన శక్తికి కొలమానం, ఈ రెంటి కూడిక, రెండో బ్యాండ్‌లో తీసివేత. సింగ్లెట్ 3, ట్రిప్లెట్ 1 అనుకుందాం. గ్యాప్‌లు 4, 2. ఇప్పుడు తిప్పేయండి: సింగ్లెట్ 1, ట్రిప్లెట్ 3. గ్యాప్‌లు 4, మైనస్ 2. పరిమాణాలు చూస్తే రెండుసార్లూ 4, 2 లే. ఒకటి దాదాపు మామూలు సూపర్‌కండక్టర్, ఇంకోటి ట్రిప్లెట్ పైచేయిగా ఉన్న, టోపాలజీ పరంగా కొత్త రకం పదార్థం. అయినా విశిష్టోష్ణం కొలిచినా, అయస్కాంత క్షేత్రం ఎంత లోతుకి చొచ్చుకెళ్తుందో కొలిచినా రెండూ ఒకేలా కనబడతాయి. ఎందుకంటే ఉత్తేజిత ఎలక్ట్రాన్ శక్తిలోకి గ్యాప్ వర్గమే వస్తుంది, మైనస్ గుర్తు మాయమైపోతుంది. మీ రెండో ప్రశ్నకి ప్రాణం ఇదే. గ్యాప్ పరిమాణం కొలిచే పరికరాలు బోలెడు ఉన్నాయి. రెండు బ్యాండ్‌ల గ్యాప్‌ల మధ్య గుర్తు తేడా ఉందా లేదా అని నేరుగా అడగాలంటే మాత్రం ఒక అంచు, ఒక అతుకు (జంక్షన్) కావాలి. అందుకే ఈ పదార్థాల చర్చ ఎక్కడ మొదలైనా జంక్షన్ల దగ్గరికే వచ్చి ఆగుతుంది.

ఒక చిన్న సవరణ. ట్రిప్లెట్ భాగం బలం ఫెర్మీ ఉపరితలం (అన్నిటికన్నా ఎక్కువ శక్తి ఉన్న ఎలక్ట్రాన్ల మొమెంటమ్‌ల హద్దు) మీద అన్ని దిక్కుల్లో ఒకేలా ఉండదు. కొన్ని దిక్కుల్లో అది సింగ్లెట్ భాగానికి సరిసమానం అయితే, తీసివేత బ్యాండ్‌లో గ్యాప్ అక్కడ సున్నా అవుతుంది. ఈ సున్నా గీతలు చల్లార్చేకొద్దీ చొచ్చుకుపోయే లోతు మారే తీరులో స్పష్టంగా కనిపిస్తాయి. 2006లో వచ్చిన కొలతల్లో సరిగ్గా ఇదే తేలింది. సుమారు 7 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టరయ్యే పలేడియం పదార్థంలో గ్యాప్ అన్ని దిక్కుల్లో తెరిచే ఉంది. అదే నిర్మాణంతో, 3 కెల్విన్ లోపు పనిచేసే ప్లాటినం పదార్థంలో సున్నా గీతల జాడ ఉంది. ప్లాటినం బరువైన అణువు కాబట్టి స్పిన్–ఆర్బిట్ ఎక్కువ, కాబట్టి ట్రిప్లెట్ వాటా ఎక్కువ. ఈ రంగం మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రయోగం ఇది. ఒక్క అణువుని మార్చి, మిగతాదంతా అలాగే ఉంచి చూశారు.

చరిత్ర క్లుప్తంగా. ట్రిప్లెట్ జంట కట్టాలంటే ఇన్వర్షన్ సౌష్ఠవం కావాలని 1984లో ఆండర్సన్ చూపించారు. 1989లో ఎడెల్‌స్టీన్, 2001లో గోర్కోవ్, రాష్బా కలిసి, కేంద్రం లేనిచోట రెండు రకాలూ కలుస్తాయని రాశారు. 2004లో వియన్నాలో బావర్ బృందం సీరియం–ప్లాటినం–సిలికాన్‌లో సుమారు 0.75 కెల్విన్ దగ్గర సూపర్‌కండక్టివిటీని చూసింది. అక్కడి నుంచి ఈ పని వరదలా పెరిగింది. ఆ ఏడాదే ఫ్రిజెరీ, అగ్టర్‌బర్గ్, కోగా, సిగ్రిస్ట్ ఆండర్సన్ మాటకి ఒక మినహాయింపు చూపించారు. ట్రిప్లెట్ దిశ స్పిన్–ఆర్బిట్ క్షేత్రం దిశతో కలిసి ఉంటే, ఆ ట్రిప్లెట్‌కి కేంద్రం లేకపోయినా నష్టం లేదు.

ఇప్పుడు మీరు ప్రశ్నలో రాసిన వాదన: 'సీరియం పదార్థం పౌలీ పరిమితిని మించిన క్షేత్రాన్ని తట్టుకుంది కాబట్టి అది ట్రిప్లెట్.' పౌలీ పరిమితి అంటే స్పిన్‌లని ఒకే వైపుకి తిప్పి సింగ్లెట్ జంటని విడగొట్టే క్షేత్రం. దాని లెక్క తేలికే, సంధి ఉష్ణోగ్రతని 1.84తో గుణిస్తే టెస్లాలలో వస్తుంది. 0.75కి సుమారు 1.4 టెస్లా. ఆ పదార్థం దానికి మూడు రెట్ల పైనే తట్టుకుంది, నిజమే. కానీ ఈ వాదన నిలబడదండి. బ్యాండ్ చీలికే స్పిన్‌ని దాని దిశలో కట్టిపడేస్తుంది. పూర్తిగా సింగ్లెట్ అయినా సరే, రాష్బా పదార్థంలో స్పిన్ ససెప్టిబిలిటీ (క్షేత్రానికి స్పిన్‌లు స్పందించే మోతాదు) సున్నాకి పడిపోదు. గోర్కోవ్, రాష్బా లెక్క ప్రకారం తలంలో ఉన్న క్షేత్రానికి సగం, తలానికి లంబంగా ఉన్న క్షేత్రానికి దాదాపు మొత్తం మిగిలే ఉంటుంది. కాబట్టి ఎన్ఎంఆర్ (కేంద్రక అయస్కాంత అనునాదం) కొలతలో ఆ స్పందనని చూపే నైట్ షిఫ్ట్ తగ్గలేదన్నా, క్షేత్రం ఎక్కువ తట్టుకుందన్నా, స్పిన్–ఆర్బిట్ బలంగా ఉందని తెలిసింది, అంతవరకే. మోలిబ్డినం డైసల్ఫైడ్ పల్చటి పొరలు 2015లో పౌలీ పరిమితికి ఎన్నో రెట్లు తట్టుకున్నాయి. వాటికి ట్రిప్లెట్ పైచేయి అని ఎవరూ తీర్పు చెప్పలేదు. మ్యూయాన్ అనే కణాలని పదార్థంలోకి పంపి లోపలి క్షేత్రాన్ని చూసే ప్రయోగాల్లో కనిపించే కాల సౌష్ఠవ భంగం (తనంతట తానే చిన్న అయస్కాంత క్షేత్రం పుట్టడం) విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. లాంథనం–నికెల్–కార్బన్‌లో 2009లో, రీనియం–జిర్కోనియంలో 2014లో అది కనిపించింది. దానికి కారణం కేంద్రం లేకపోవడమే అనుకున్నవాళ్ళు చాలామంది. 2018లో ఇన్వర్షన్ కేంద్రం ఉన్న శుద్ధ రీనియంలో కూడా అదే కనిపించింది.

ఇక జంక్షన్. ముందు మామూలు లోహం, సూపర్‌కండక్టర్ అతుకు. గ్యాప్ కన్నా తక్కువ శక్తితో వచ్చిన ఎలక్ట్రాన్ లోపలికి ఒంటరిగా పోలేదు. తోడుగా ఇంకో ఎలక్ట్రాన్‌ని లాక్కుని జంటగా పోతుంది, వెనక్కి ఒక హోల్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీ) వస్తుంది. ఇది ఆండ్రియేవ్ పరావర్తనం, 1964. అతుకు శుభ్రంగా ఉంటే వాహకత రెట్టింపు అవుతుంది. అతుకులో అడ్డం ఉంటే గ్యాప్ అంచుల దగ్గర రెండు శిఖరాలు వస్తాయి. ఈ రెంటి మధ్య అన్ని దశలనీ ఒకే సంఖ్యతో వర్ణించే లెక్క 1982లో బ్లాండర్, టింకమ్, క్లాప్‌విక్ ఇచ్చారు. మీరు మొదట చేతితో చేయాల్సిన లెక్క అదే.

ఇన్వర్షన్ కేంద్రం లేని పదార్థం అంచు దగ్గర ఇంకో పని జరుగుతుంది. అంచుని కొట్టుకుని తిరిగివచ్చే ఎలక్ట్రాన్ వేరే దిశలో పోతుంది. పోయే దారిలో చూసిన గ్యాప్‌కీ, వచ్చే దారిలో చూసిన గ్యాప్‌కీ దశలో తేడా (ప్లస్, మైనస్ తేడా లాంటిది) ఉంటే, సున్నా శక్తి దగ్గర అంచుకి అతుక్కున్న స్థితి పుడుతుంది. ట్రిప్లెట్ భాగం సింగ్లెట్‌ని మించినప్పుడు ఇది ఖాయం. అంచు వెంట పై స్పిన్ ఒక వైపు, కింది స్పిన్ రెండో వైపు నడుస్తాయి. సింగ్లెట్ మించితే ఈ దారులు ఉండవు. మన 3, 1 ఉదాహరణ మళ్ళీ చూడండి. లోపల 4, 2 అని ఒకేలా కనిపించిన రెండు పదార్థాలు అంచు దగ్గర పూర్తిగా వేరైపోయాయి. ఒకదానికి సున్నా వోల్టేజీ దగ్గర వాహకత పడిపోతుంది, ఇంకోదానికి పెరుగుతుంది.

మన దేశంలో దీని మీద చెప్పుకోదగ్గ పని జరిగింది. బిస్మత్–పలేడియం స్ఫటికాన్ని ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు పెంచారు, సంధి ఉష్ణోగ్రత సుమారు 3.8 కెల్విన్. 2012లో అక్కడే వెండి మొనని స్ఫటికానికి ఆనించి, రెండు వేర్వేరు దిశల్లో పాయింట్ కాంటాక్ట్ కొలతలు తీశారు. ఒకటికన్నా ఎక్కువ గ్యాప్‌లు, వాటితో పాటు సున్నా వోల్టేజీ దగ్గర శిఖరం కనిపించాయి. 2015లో జర్మనీ బృందం అదే పదార్థాన్ని స్కానింగ్ టన్నెలింగ్‌తో చూస్తే మామూలు సింగ్లెట్‌కి సరిపోయే ఒక్క గ్యాప్ కనిపించింది. ఒకరు కరెక్టు, ఇంకొకరు కాదు అని తొందరపడకండి. టన్నెలింగ్ మొన ఉపరితలాన్ని తాకదు, పైనుంచి ఒకే ముఖాన్ని చూస్తుంది. పాయింట్ కాంటాక్ట్ మొన గుచ్చుకుంటుంది, పక్క దిక్కుల్లోకి కరెంటు పంపగలదు.

అయితే సున్నా శిఖరం కనబడగానే ట్రిప్లెట్ అని రాసే పేపర్లని నేను నమ్మను. ఎందుకో దగ్గరగా చూపిస్తాను. పాయింట్ కాంటాక్ట్ అంటే మొనని స్క్రూతో మెల్లగా దింపుతాం. మీటర్ మీద నిరోధం మెగా ఓమ్‌ల నుంచి ఒక్కసారి పడి, పదుల ఓమ్‌ల దగ్గర నిలబడుతుంది. ఆ నిరోధం కాంటాక్ట్ ఎంత చిన్నదో చెబుతుంది. కాంటాక్ట్ వ్యాసం ఎలక్ట్రాన్ స్వేచ్ఛా పథం కన్నా చిన్నదైతే ఎలక్ట్రాన్ ఎక్కడా గుద్దుకోకుండా దాటుతుంది, వచ్చే వక్రం నిజంగా ఆండ్రియేవ్‌దే. పెద్దదైతే అక్కడే వేడి పుడుతుంది. కరెంటు పెరిగి ఆ ముక్క సూపర్‌కండక్టివిటీ కోల్పోయే చోట వాహకత ఒక్కసారి లోయలా పడిపోతుంది. రెండు పక్కలా లోయలుంటే మధ్యలో మిగిలింది శిఖరంలానే కనిపిస్తుంది. అందుకని అదే చోట మొనని నొక్కుతూ, ఎత్తుతూ, రకరకాల నిరోధాలతో వక్రాలు తీయాలి. శిఖరం వెడల్పు వోల్టేజీలో స్థిరంగా ఉంటే దాన్ని గౌరవించాలి. నిరోధంతో పాటు జరిగిపోతుంటే అది క్రిటికల్ కరెంటు (సూపర్‌కండక్టివిటీ పోయే కరెంటు) చేసిన పని. ఇంతేకాదు, మొన కింద నలిగిన రేణువుల మధ్య జోసెఫ్‌సన్ కరెంటు (రెండు సూపర్‌కండక్టర్ల అతుకు దాటే జంటల కరెంటు) పారినా, అయస్కాంత మలినం ఉన్నా శిఖరం వస్తుంది. పేపర్ చదివేటప్పుడు ముందు నిరోధాల పట్టిక వెతకండి. అది లేకపోతే శిఖరం గురించి వాళ్ళు రాసిందంతా పక్కన పెట్టొచ్చు.

రెండు సూపర్‌కండక్టర్ల మధ్య అతుకు అంటే జోసెఫ్‌సన్ జంక్షన్, 1962. కరెంటు రెండు వైపుల దశల తేడా సైన్‌ని బట్టి నడుస్తుంది. ఒక వైపు నియోబియం లాంటి మామూలు సింగ్లెట్, రెండో వైపు మన పదార్థం అనుకోండి. నియోబియం రెండు బ్యాండ్‌లతోనూ చేయి కలుపుతుంది. మొదటి ఉదాహరణలో 4, 2 కలిసి 6. రెండో ఉదాహరణలో 4, మైనస్ 2 కలిసి 2 మాత్రమే. అంటే ఈ జంక్షన్‌కి స్థూలంగా సింగ్లెట్ వాటానే వినబడుతుంది. పరిమాణాలు చూపించే టన్నెలింగ్ వక్రంతో పాటు ఈ కరెంటుని కూడా అదే జంక్షన్‌లో కొలిస్తే గుర్తు తెలిసిపోవాలి. చెప్పడం తేలిక. అతుకులో స్పిన్–ఆర్బిట్ ఉంటే ట్రిప్లెట్ భాగం కూడా దొంగదారిన కలుస్తుంది, ఉపరితలం మురికి పట్టినా కరెంటు తగ్గుతుంది. రెండు వైపులా ఇన్వర్షన్ లేని పదార్థాలే పెట్టి, వాటి స్పిన్–ఆర్బిట్ దిశల మధ్య కోణం మార్చి కరెంటు చూడాలని 2006లో బోర్క్యే, సుద్‌బో సిద్ధాంతం రాశారు. కాగితం మీద అది అందమైన ప్రయోగం. స్ఫటికం కోసి, కోణం పెట్టి, మధ్యలో పల్చటి అడ్డం వేయడం మాత్రం చేయి తిరిగిన వాళ్ళకి కూడా కష్టం.

ఇన్వర్షన్‌తో పాటు కాల సౌష్ఠవం కూడా పోతే, అంటే పక్కనుంచి అయస్కాంత క్షేత్రం పెడితే, దశ తేడా సున్నా అయినా జంక్షన్‌లో కరెంటు పారుతుంది. సైన్ వక్రం మొత్తం పక్కకి జరుగుతుంది. 2008లో బుజ్దిన్ దీన్ని ఫై-నాట్ జంక్షన్‌గా వివరించారు, 2016లో డెల్ఫ్ట్‌లో నానోవైర్ జంక్షన్‌లో కనిపించింది. దీని దగ్గరి చుట్టమే సూపర్‌కండక్టింగ్ డయోడ్: ఒక వైపు నష్టం లేకుండా పారే కరెంటు, ఎదురు వైపు అంతే పెడితే నిరోధం చూపిస్తుంది. 2020లో క్యోటోలో నియోబియం, వెనేడియం, టాంటలం పొరలని వరుసగా పేర్చి దీన్ని చూపించారు. పొరల వరుస వల్లే ఇన్వర్షన్ పోయింది, పదార్థాల వల్ల కాదు. ఉపయోగం దృష్ట్యా ఇది గొప్ప విషయం. ట్రిప్లెట్‌కి సాక్ష్యంగా మాత్రం దీన్ని వాడకండి. ఫిల్మ్ రెండు అంచులూ ఒకేలా లేకపోయినా, వోర్టెక్సులు (అయస్కాంత క్షేత్రం చొచ్చుకొచ్చే సుడులు) ఒక వైపు నుంచి సులువుగా జొరబడినా డయోడ్ వస్తుంది.

మీ మూడో ప్రశ్న. మన డెల్టాలో సూపర్‌కండక్టర్లు లేకపోలేదు. కాకినాడ, రాజమండ్రి ఆసుపత్రుల్లో పెద్ద ఎంఆర్‌ఐ యంత్రాల లోపల నియోబియం–టైటానియం తీగలు 4.2 కెల్విన్ హీలియంలో ఉంటాయి. అది ప్రయోగానికి దొరకదు. పశువుల ఆసుపత్రిలో వీర్యం దాచే క్యాన్‌లలో ద్రవ నైట్రోజన్ దొరుకుతుంది, 77 కెల్విన్. దానితో ఇట్రియం ఉన్న సూపర్‌కండక్టర్ పెల్లెట్ మీద అయస్కాంతం తేలించి జూనియర్లకి చూపించొచ్చు, చూపించండి కూడా. ఇన్వర్షన్ లేని పదార్థాలకి అది చాలదు. బిస్మత్–పలేడియంకే హీలియాన్ని పంపు చేసి ఇంకా చల్లార్చాలి. కాబట్టి ప్రాజెక్టు లెక్క మీద చేయండి, ల్యాప్‌టాప్ చాలు.

చదరపు లాటిస్ (గళ్ళలా పేర్చిన సైట్‌ల అల్లిక) మీద రాష్బా బంధం పెట్టి, పొడుగ్గా ఉన్న, 60 సైట్‌ల వెడల్పు పట్టీ తీసుకోండి. ఒక్కో సైట్‌కి నాలుగు భాగాలు కాబట్టి 240 బై 240 మాత్రిక. పట్టీ వెంట ఉన్న ప్రతి మొమెంటమ్‌కి దాని ఐగెన్ విలువలు తీయండి. సింగ్లెట్, ట్రిప్లెట్ నిష్పత్తిని నెమ్మదిగా మార్చండి. సింగ్లెట్ ఎక్కువగా ఉన్నంతసేపు గ్యాప్ ఖాళీగా ఉంటుంది. రెండూ సమానమయ్యే చోట గ్యాప్ మూసుకుంటుంది. దాటాక మళ్ళీ తెరుచుకుని, ఈసారి మధ్యలో రెండు శాఖలు అడ్డంగా దాటుతూ కనిపిస్తాయి. అవే అంచు దారులు. రెండు జాగ్రత్తలు. కెమికల్ పొటెన్షియల్ (ఎలక్ట్రాన్లు నిండే శక్తి మట్టం) తక్కువగా పెట్టండి, ఫెర్మీ వలయాలు రెండూ మొమెంటమ్ జోన్ మధ్య బిందువు చుట్టూనే ఉండాలి. గ్యాప్ మరీ చిన్నది పెడితే రెండు అంచుల స్థితులూ ఒకదాన్నొకటి తాకి, దాటాల్సిన చోట చిన్న చీలిక వస్తుంది. హాపింగ్ (పక్క సైట్‌కి దూకే శక్తి)లో మూడోవంతు దాకా గ్యాప్ పెట్టి మొదలుపెట్టండి. ఆ చీలిక వస్తే వెడల్పు 120 చేసి చూడండి, తగ్గిపోతే కోడ్ సరిగానే ఉన్నట్టు.

ఇది అయ్యాక, ఈ పట్టీకి మామూలు లోహం అతికించి వాహకత తీయడం రెండో భాగం. సెమిస్టర్‌లో టైము మిగిలితేనే చేయండి. తర్వాత పీహెచ్‌డీకి వెళ్ళేటప్పుడు పదార్థాలు పెంచడం ఇష్టమైతే భోపాల్ ఐసర్, టాటా ఇన్‌స్టిట్యూట్ చూడండి, రీనియం మిశ్రమాల మీద భోపాల్‌లో చాలా పని నడుస్తోంది. ఏ ల్యాబ్‌కి ఇంటర్వ్యూకి వెళ్ళినా, వాళ్ళ దగ్గర సొంతంగా హీలియం ద్రవీకరణ యంత్రం ఉందా, లేక బయట నుంచి డీవార్‌లు (ద్రవ హీలియం పాత్రలు) తెప్పించుకుంటున్నారా అని తప్పకుండా అడగండి. ఏడాదిలో ఎన్ని వక్రాలు తీయగలరన్నది దాన్ని బట్టే ఉంటుంది.